ఆ చుక్కలన్నీ నావే

"రండి మహత్తయా, రండి సారూ! మా గంజిలో దోమలు ఈతకొడుతున్నాయేమో చూసి పోండి!"

సెవ్వంది గరిటె ఝళిపించేసరికి పసిందు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. శ్రీలంకలోని మాతర ఆరోగ్య కార్యాలయంలో డెంగీ మ్యాపులు గీసేది అతనే. నిన్నటి మ్యాపులో ఎర్రచుక్కలన్నీ ఈ ఇంటిముందే గుంపుకట్టాయి. ఇంకేముంది, తెల్లారేసరికి పొగ మిషను దిగింది. కుండీలు బోర్లించారు, సెవ్వంది వాళ్ళమ్మ ఆకుగంజి బండి మూయించారు.

"ఒక్క దోమపిల్లయినా దొరికిందా?"

"లేదు."

"మరి మా ఇల్లెందుకు ఎర్రబడింది?"

జ్వరం వచ్చిన ఇళ్ళన్నీ పసిందు కాళ్ళరిగేలా తిరిగి వివరాలు ఫోన్లో నింపుకున్నాడు, నిజమే. కానీ ఎక్కడ కూర్చుని సేవ్ నొక్కితే చుక్క అక్కడే పడుతుంది. ఈ మహానుభావుడు రోజూ నొక్కింది ఈ బండి పక్క బెంచీ మీద! గంజి ఊదుకుంటూ, సెవ్వంది కొంగు సర్దుకుంటే ఊదడం కూడా మరిచిపోతూ. తలుచుకుంటేనే ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

"ఆఫీసులో చెప్పి తీయించేస్తాలే," అని గొణిగాడు.

"మ్యాపులో తీస్తారు సరే, వీధి నోట్లోంచి ఎవరు తీస్తారు? మా గంజి తాగితే జ్వరమట! అమ్మ పొద్దుట్నుంచి గది దాటలేదు."

ఆమె గొంతు వణికింది. అది అతను తట్టుకోలేకపోయాడు.

వాన మొదలైంది. చూరుల కింద చేరిన జనం వైపు తిరిగి, తడుస్తూనే అరిచాడు. "అందరూ వినండి! జ్వరాలు రైల్వే స్టేషన్ వెనకాల ఉన్నాయి. పొగ మిషన్ని అటు పంపేశాను. ఈ ఇంటికి ఏ మచ్చా లేదు. ఇక్కడ కూర్చుని నొక్కింది నేను. ఆ చుక్కలన్నీ నావే!"

ఎదురింటి కొట్టు ముసలాయన చెవి ఒగ్గాడు. "మీ ఆఫీసులో కుర్చీల్లేవా నాయనా?"

"ఉన్నాయి తాతా."

"మరి?"

"అక్కడ... సెవ్వంది లేదు."

వీధంతా గొల్లున నవ్వింది. భూమి చీలితే దూరిపోదామనుకున్నాడు పసిందు. లోపలి తలుపు తెరుచుకుంది. సెవ్వంది వాళ్ళమ్మ బయటికొచ్చి, అతన్ని ఎగాదిగా చూసి, పొయ్యి అంటించింది.

సెవ్వంది బుగ్గలు కందిపోయాయి. గంజి గిన్నె తెచ్చి ఠపీమని అతని ముందు పెట్టింది.

"నన్ను చూడాలనుంటే చూడ్డానికే రా. ఊళ్ళో జ్వరాలన్నీ మోసుకుని రాకు!"