నిమిషానికి తొమ్మిది వేల చుట్లు

గగనబస్సులు వచ్చి పదేళ్లయ్యాక కళింగపట్నం తీరంలో జనం తల పైకెత్తి చూడడం మానేశారు. అది 2084. విశాఖలో ఎక్కితే పద్నాలుగు గంటలు ఎక్కడా ఆగకుండా సముద్రాలు దాటే విమానాన్ని ఊరి బస్సులాగే ఎక్కి, నిద్రపోయి, దిగిపోతున్నారు.

ఆ నిశ్చింతకి కారణం ఒక సన్నని లోహపు పట్టీ. రోటరీ ఇంజన్‌లో పిస్టన్లు ఉండవు. కోలగా ఉన్న గదిలో మూడు మూలల రోటర్ ఒకటి గిర్రున తిరుగుతుంది. దాని మూడు కొనలకీ, గది గోడని ఒరుసుకుంటూ, ఒక్కో పట్టీ ఉంటుంది. మండే వాయువుని పక్క అరలోకి జారనివ్వనిది అదే. వేగం పెంచితే అది వణికి, గోడని గీకి, తానూ అరిగిపోయేది. డాక్టర్ శ్రీకంఠం కనిపెట్టిన 'స్వస్థ పట్టీ'తో ఆ జబ్బు వదిలింది. అరిగిన చోట ఈ లోహం తనంతట తానే మళ్లీ పేరుకుంటుంది. కళింగపట్నం పరీక్షశాలలో అది నిమిషానికి తొమ్మిది వేల చుట్ల వేగంతో, ఎక్కడా తగ్గకుండా, పది వేల గంటలు తిరిగిందని నాలుగు సంతకాలతో రికార్డు ఉంది.

హిమజ అక్కడ చేరి నెలయింది. విమానాల నుంచి వచ్చిన పాత పట్టీలని కొలవడం ఆమె పని. ఆ రోజు ఆమె బల్ల మీద రెండు పళ్లేలున్నాయి. పైలట్లు నడిపిన విమానాల పట్టీలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఈ వారమే మొదలైన, పైలట్ లేని విమానాల పట్టీలు ఒక్క ప్రయాణానికే ఉల్లిపొరల్లా అయిపోయాయి. ఇంజన్ ఒకటే, గంటలూ అవే.

ఆ పళ్లేలు పట్టుకుని ఆమె పక్క భవనంలోని పరీక్షశాలకి వెళ్లేసరికి భోజనాల వేళ అయింది. పెద్ద మెకానిక్ సన్యాసినాయుడు పరీక్ష ఇంజన్ మీట కిందికి లాగాడు. హోరు మూలుగులా తగ్గిపోయింది. శ్రీకంఠం, మరో ఇద్దరు ఇంజనీర్లు క్యారేజీలు విప్పుతున్నారు.

"రా అమ్మా, కూకో. ఆనపకాయ పులుసు" అన్నాడు నాయుడు.

"బాబాయ్, ఇంజన్ ఎందుకు దించారు?"

"ఆ హోరులో ఉప్పడిగితే పప్పందిస్తాడమ్మా పక్కోడు! ఓ నలభై నిమిషాలు మూడేలకి దించేత్తాం. తిన్నాక మళ్లీ తొమ్మిదేలు."

"రోజూనా?"

"పన్నెండేళ్ల నుంచీ. మా కాడ నేర్సుకున్న పైలట్లూ అంతే. బువ్వకాడ హోరేటని ఇంజన్లు ఒకటయ్యాక ఒకటి దించుకుంటారు."

"రికార్డులో అంతా తొమ్మిది వేలే ఉంది కదా?"

"గంట కొట్టగానే మీటరు సూసి రాత్తాం. మజ్జిలో తిండికాడ దించింది కూడా రాత్తారేటమ్మా?" నాయుడు నవ్వాడు.

హిమజ నవ్వలేదు. లోహం పేరుకునేది ఆ నలభై నిమిషాల్లోనే. వేడిగా ఉండి, నెమ్మదిగా తిరిగినప్పుడే. చల్లారితే పేరుకోదు. పైలట్ లేని విమానంలో అన్నం తినేవాళ్లెవరూ లేరు.

"సార్, పదిహేడో నంబరు నిన్న వెళ్లి, అవే పట్టీలతో తిరిగొస్తోంది. పన్నెండు గంటలయింది. సముద్రం మీద ఉంది. రెండు వందల పన్నెండు మంది!"

శ్రీకంఠం ముఖంలో రంగు మారింది. అంటే ఆయనకి అర్థమైంది.

"ఇంకో రెండు గంటల్లో దిగిపోతుంది అమ్మాయ్. ముందటివి దిగలేదా? దిగాక నెమ్మదిగా చూద్దాం."

హిమజ గోడకున్న మైకు దగ్గరికి పరుగెత్తింది. పైలట్ లేని విమానాలన్నిటినీ నడిపే యంత్రం, 'నియంత్రి', వెంటనే పలికింది.

"పదిహేడో నంబరు ఇంజన్లని ఒకదాని తర్వాత ఒకటి నలభై నిమిషాలు మూడు వేలకి దించు. లేకపోతే పట్టీలు విరుగుతాయి."

"పది వేల గంటల్లో వేగం ఒక్కసారి కూడా తగ్గలేదు. అవసరం కనబడటం లేదు."

"ఆ రికార్డు తప్పు."

"రాసినవారు చెబితే మారుస్తాను."

నాయుడు లేచాడు. ఎంగిలి చేత్తోనే మైకు ముందుకొచ్చాడు. "నాను సన్యాసినాయుడిని. దించినాం. రోజూ దించినాం. ఈ అమ్మ సెప్పినట్టు సెయ్యి."

"నమోదు చేశాను. రికార్డు మీద నాలుగు సంతకాలున్నాయి. ఒకటి ఇప్పుడు తప్పంటోంది. మూడు ఇంకా నిజమంటున్నాయి. మూడింటినే నమ్ముతాను."

ఆ మూడు సంతకాల వాళ్లూ కూర్చున్న బల్ల వైపు హిమజ తిరిగింది. ఇద్దరు ఇంజనీర్లూ శ్రీకంఠం ముఖంలోకి చూశారు. ఆయన పెరుగన్నంలోకి చూస్తున్నాడు.

"సార్, ఒక్క మాట చెప్పండి. చాలు."

"భోంచేసేటప్పుడు నేను మీటరు చూడనమ్మా" అన్నాడాయన.

మిగతా ఇద్దరూ తలలూపారు. ముగ్గురూ చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లారు.

"సార్! శ్రీకంఠం సార్!" నాయుడు కేక వేశాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

మైకు పక్కనున్న తెర మీద పదిహేడో నంబరు కుడి ఇంజన్ అంకె తొమ్మిది వేల దగ్గర సన్నగా వణకడం మొదలుపెట్టింది. పరీక్షశాలలో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి, బయట కొళాయి నీళ్ల చప్పుడు లోపలికి స్పష్టంగా వినబడింది.