చక్రవర్తికి రెండు చరిత్రలు

2096 నాటికి విశాఖలో పెళ్ళిభోజనం చేసినవాళ్ళు అభిప్రాయాల పుస్తకంలో "వంటలు అద్భుతం" అని రాయడం మానేశారు. భావదర్శిని వచ్చాక అలాంటి మర్యాదలకు నూకలు చెల్లాయి. రాసేటప్పుడు వేళ్ళలో పుట్టే సూక్ష్మకంపనాలు, అంటే మైక్రో ట్రెమర్స్, అక్షరాల్లో మిగిలిపోతాయి. ఆ యంత్రం వాటిని చదివి, మనిషి తాను రాసింది నమ్మితే పచ్చదీపం, నమ్మకపోతే ఎర్రదీపం వెలిగిస్తుంది.

ఆ సాయంత్రం దాని కింద పెట్టినవి రెండు పాత తోలుప్రతులు. రెండూ బైజాంటైన్, అంటే తూర్పు రోమన్, ఆస్థాన చరిత్రకారుడు యూఫెమియస్ పేరు మీదే ఉన్నాయి. ఒకదాంట్లో చక్రవర్తి సాక్షాత్తూ దైవాంశ సంభూతుడు. రెండోదాంట్లో అదే చక్రవర్తి కొంపలు కూల్చే రాక్షసుడు. ఈ రెండోది శత్రువులు సృష్టించిన దొంగప్రతి అని ప్రొఫెసర్ పరాంకుశం జీవితమంతా వాదించాడు. రేపు ఆయన రిటైరవుతున్నాడు. ఆ వాదం నిలుస్తుందో కూలుతుందో ఇవాళ తేలిపోవాలి.

"అంత మనసారా పొగిడిన చెయ్యి తిట్టదమ్మా," అన్నాడు శిష్యురాలు వేదవల్లితో.

మొదటి ప్రతికి పచ్చదీపం వెలిగింది. రెండోదానికీ పచ్చదీపమే.

"రాసింది ఒకే చెయ్యి. రెండూ నమ్మే రాశాడు," అంది యంత్రం.

పరాంకుశం కుర్చీలో కూలబడ్డాడు. "అయితే ఇక పొగడ్తని నమ్మేదెలా? రేపు నువ్వు చదవబోయే సన్మానపత్రం ఏదీ, పెట్టు చూద్దాం."

వేదవల్లి తటపటాయించింది. తప్పక చేత్తో రాసుకునే తన ఎలక్ట్రానిక్ పలకను యంత్రం కింద పెట్టింది. "గురుదేవా! మీరు విజ్ఞాన హిమాలయం..." పచ్చదీపం. ముసలాయన కళ్ళు చెమర్చాయి. యంత్రం అంతటితో ఊరుకుంటే బాగుండేది. పక్కపేజీ కూడా తిప్పింది. అది పొద్దున ఆవిడ భర్తకు రాసిన చీటీ.

"ఈ మొండిఘటం రేపటితో వదులుతోంది, పీడా పోయింది. కళ్ళెదుట రుజువు పెట్టినా ఒప్పుకోడు కదా!"

దానికీ పచ్చదీపమే.

వేదవల్లి సిగ్గుతో చచ్చిపోయింది. విచిత్రమేమిటంటే, ఆయనంటే ఆవిడకు నిజంగానే ప్రాణం.

"సార్..." అంది.

పరాంకుశం ఆ చీటీని మళ్ళీ మళ్ళీ చదివాడు. యంత్రం వైపు చూశాడు. మెల్లగా ఆయన మొహం విప్పారింది.

"ఇది నువ్వు రాసింది కాదులేమ్మా. ఎవరో గిట్టనివాళ్ళు నీ దస్తూరీ దించేశారు."

"అయ్యుంటుందండీ," అంది వేదవల్లి.

ఆయన హాయిగా కాళ్ళు చాపుకున్నాడు. "సరే, ఆ హిమాలయం ముక్క ఇంకోసారి చదువు."