చెవిన పడితేనే మైల

"ఏమన్నా ఉండాదా, ఆదెయ్యన్నా?"

"నీకేం లేదమ్మే. మీ నాయనకు ఎరువుల కొట్టు నుంచి కార్డొకటి ఉండాది."

మాలకొండమ్మ ఆ కార్డు అందుకుంది. పాపం, కార్డు ఏం చేసింది? అయినా దాన్నొక చూపు చూసి నడుమున దోపుకుంది. నలభై రోజులుగా ఇదే వరస. బోగోలు ఊళ్ళో ఎవరు పనికి పోయినా మానినా, పోస్టుమ్యాన్ ఆదెయ్య సైకిలు గంట వినిపించగానే ఈ పిల్ల వీధి అరుగు మీదికి రావడం మాత్రం తప్పేది కాదు. ఎస్సెల్సీ ప్యాసైంది. నెల్లూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఉద్యోగానికి పరీక్ష రాసింది. గొంతు స్పష్టంగా ఉందో లేదో మాట్లాడించి చూస్తే దాంట్లోనూ నెగ్గింది. తీరా అన్నీ అయ్యాక "ఖాళీ రాగానే కబురు చేస్తాం" అన్నారు. ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయింది బతుకు.

ఊరు ఆగుతుందా? "హలో పిల్ల" అని పేరు పెట్టేసింది. పాలు పితుకుతూ "నంబర్ ప్లీజ్, నంబర్ ప్లీజ్" అని సాధన చేసేదన్నది నిజమే. ఇప్పుడా మాట చెవిన పడందే గేదె పాలు చేపడం లేదు. ఇంట్లో వాళ్ళంతా పాల కోసం ఇంగ్లీషు నేర్చుకోవలసి వచ్చిందని వదిన రాఘవమ్మ నవ్వేది.

ఆ రాఘవమ్మ సీమంతం నిన్ననే అయింది. పెరట్లో ఇంకా విస్తళ్ళ కుప్ప అలాగే ఉంది. తండ్రి చెంచురామయ్య వసారాలో కూర్చుని, కూతురు వట్టి చేతులతో రావడం చూశాడు.

"ఇంక ఆ అరుగెక్కడం మానుకో కొండమ్మా. సీమంతం లోపల పిలుపొస్తే పంపతానన్నా. రాలేదు. అయిపోయింది."

"మనింటి సీమంతం ఎప్పుడో గవర్నమెంటోళ్ళకు తెలుసా నాయనా?"

"వాళ్ళకు తెలవకపోతే పోనీ. నా మాట నాకు తెలుసు. ఊరూ పేరూ లేని మొగోళ్ళతో చెవిలో మాట్లాడే ఉద్యోగం! ఒప్పుకోవడమే ఎక్కువ."

"అక్కడ నా మొగమన్నా ఎవురికీ కనపడదు. సంతలో కూరగాయలు కొంటా ఉంటే ఊరంతా చూస్తాది. దానికి లేని తప్పు దీనికెందుకు?"

జవాబు లేనప్పుడు తండ్రులు చేసే పనే చెంచురామయ్యా చేశాడు, గొంతు పెంచాడు. "ఇంక ఆ మాట ఎత్తితే ఊరుకోను!"

"నువ్వు ఊరుకున్నదెప్పుడు?" అంది మాలకొండమ్మ. అనేశాక తనకే భయం వేసింది. కానీ నలభై రోజుల విసుగు భయాన్ని మించిపోయి ఉంది.

అంతలో పెరట్లోంచి ఏడుపు వినపడింది.

అందరూ పరుగెత్తారు. నాయనమ్మ వెంకటశేషమ్మ జుట్టు విరబోసుకుని విస్తళ్ళ కుప్ప పక్కనే నేల మీద కూలబడి ఉంది. "ఒరే మస్తానూ! నన్నొదిలిపెట్టి పోతివా నాయనా! నా చేతి ముద్ద తిని పెరిగితివే!"

మస్తానయ్య ఆమెకు మరిది. కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకుని, మద్రాసులో బియ్యం కొట్టు నడిపే అల్లుడి ఇంట్లో ఉన్నాడు.

"ఏందమ్మా? చిన్నాయనకేమైంది? నీకెవురు చెప్పినారు?" అన్నాడు చెంచురామయ్య.

వెంకటశేషమ్మ రొంటిన దోపుకున్న మూట విప్పి, నలిగిపోయిన టెలిగ్రాం కవరు తీసింది. అది అంటించింది అంటించినట్టే ఉంది.

"ఏడు దినాలైంది అబ్బయ్యా. మీరంతా చేలో ఉండగా కావలి నుంచి తంతి జవాను వచ్చినాడు. తంతి అంటే ఇంకేముంటాది? విప్పితే చెవిన పడతాది. చెవిన పడితే పది దినాల మైల. రాగమ్మకు ఏడో నెల దాటిపోతే సీమంతమే లేదు. రెండు కడుపులు పోయిన బిడ్డ! అందుకని వేలిముద్ర వేసి పుచ్చుకున్నా. వాడు పేరు చెప్పబోతే చెవులు మూసుకున్నా. చెవిన పడితేనే గదా మైల!" ఆమె కవరు మనవరాలి చేతిలో పెట్టింది. "ఇప్పుడు చదువు తల్లీ. మస్తాను ఏ దినం పోయినాడో చూసి చెప్పు."

మాలకొండమ్మ కవరు చింపింది. లోపల రెండు వరసల ఇంగ్లీషు. పైన తన పేరే ఉంది. ఖాళీ వచ్చింది, పదకొండో తేదీ సాయంత్రం లోపల అసలు సర్టిఫికెట్లతో నెల్లూరు ఆఫీసులో హాజరు కావాలి, రాకపోతే తర్వాతి అభ్యర్థిని పిలుస్తారు.

పదకొండో తేదీ నిన్న. నిన్న సాయంత్రం తను పేరంటాళ్ళకు శనగలు పంచుతూ ఉంది.

"చిన్నతాత గురించి కాదవ్వా," అంది. "ఇది నాకొచ్చిన తంతి. దీంట్లో పోయింది నా ఉద్యోగం."

"అయితే మా మస్తాను..."

"నీకింకా మస్తానేనా!" అని అరిచింది మాలకొండమ్మ. "నలభై దినాలు అరుగు మీద కాసుకోని కూచున్నానే, నీ కళ్ళెదురుగానే గదా! రొంటిలో నా బతుకును పెట్టుకోని తిరిగినావు గదవ్వా!" ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, ఆ కాగితాన్ని నేలకేసి కొట్టింది.

చెంచురామయ్య వంగి కాగితం తీశాడు. దాన్ని చదవలేడు, అయినా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏడు దినాల నాడు వచ్చిందంటే, సీమంతానికి ముందే పిలుపొచ్చినట్టు," అన్నాడు మెల్లగా. వసారాలోకి పోయి కొక్కేనికి ఉన్న చొక్కా అందుకున్నాడు. "మాటంటే మాటే. బిట్రగుంటలో పదింటి ప్యాసింజరు ఉండాది. సర్టిఫికెట్లు తీసుకో."

"నేనూ వస్తా," అని లేచింది వెంకటశేషమ్మ. రైల్లో నెల్లూరు చేరేదాకా మనవరాలు ఆమె వైపు తిరిగి చూడలేదు.

ఆఫీసరు సంజీవరావు తంతి చూసి, గోడ మీది క్యాలెండరు చూశాడు. "నిన్న మూసేదాకా నీకోసం చూశామమ్మా. తర్వాతి అమ్మాయికి ఈ మధ్యాహ్నం కబురు పంపాలి. తంతి ఎవరందుకున్నారో వాళ్ళు ఆలస్యానికి కారణం రాసివ్వాలి. అది నిజమని నాకు నమ్మకం కుదిరితే తీసుకునే అధికారం నాకుంది. లేకపోతే లేదు."

చెంచురామయ్య తల్లి చెవి దగ్గరికి వంగాడు. "జొరమొచ్చి పడిపోయినానని చెప్పమ్మా. ఉన్నదున్నట్టు చెప్తే ఊళ్ళో తెలిసిపోతాది. చావు కబురని తెలిసీ సీమంతం చేసిందంటారు. రేపు రాగమ్మకు ఏ చిన్న కష్టమొచ్చినా నీ మీదనే పడతారు."

"పడనీ," అంది వెంకటశేషమ్మ. "నేను చేసిన పనికి జొరమేం చేస్తాది? రాసుకో కొండమ్మా."

మాలకొండమ్మ మొహం గంటు పెట్టుకునే కాగితం తీసుకుంది. అవ్వ చెప్పింది చెప్పినట్టు రాయడం మొదలుపెట్టింది.

"బోగోలు వెంకటశేషమ్మ అనే నేను చెప్పేదేమంటే... తంతి అంటే చావేనని నాకు తెలుసు. నేను కాపురానికి వచ్చేనాటికి మా మస్తానుకు ఐదేండ్లు. తల్లి లేనోడు. నా కొంగు పట్టుకోనే పెరిగినాడు. వాడు పోయినాడని మనసులో పెట్టుకోని ఏడు దినాలు తిరిగినాను. ముద్ద దిగకపోతే నీళ్ళతో మింగినాను. నిన్న పేరంటాళ్ళు పాట పాడమంటే పాడినాను..."

కలం ఆగింది. పాట మధ్యలో అవ్వ గొంతు బొంగురుపోవడం మాలకొండమ్మకు జ్ఞాపకం ఉంది. "అవ్వకు గొంతులో కప్ప దూరింది" అని పేరంటంలో అందరినీ నవ్వించింది తనే. అవ్వ కూడా నవ్వింది.

"రాయవే, ఏం ఆగినావు?" అంది ముసలామె. "బతికినోళ్ళ కోసం పోయినోణ్ణి దాచినాను. ఆ తొందర్లో ఈ బిడ్డ బతుకును గూడా దాచేసినానని తెలవదు. తప్పు నాది. బిడ్డది కాదు. ఇంతే."

అక్షరాలు అలుక్కుపోయి కనిపించసాగాయి. మాలకొండమ్మ ఎలాగో ఆఖరి మాట రాసి, అవ్వ బొటనవేలు తన చేత్తో పట్టుకుని సిరా అద్దించింది. ముద్ర పడ్డాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. "నేనన్న మాటలు మనసులో పెట్టుకోవాకవ్వా," అంది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

సంజీవరావు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ముప్పై ఏళ్ళుగా ఆలస్యాలకు కారణాలు చదువుతున్న మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, కింద ఏదో రాసి సంతకం పెట్టాడు. "సోమవారం పొద్దున తొమ్మిదికి రా అమ్మా. ట్రైనింగు మొదలు."

చెంచురామయ్య రెండు చేతులూ జోడించాడు. వెంకటశేషమ్మ మాత్రం కదల్లేదు. "అయ్యా, ఇంతకీ మా మస్తాను ఉండాడా, పోయినాడా?"

మస్తానయ్య అల్లుడి బియ్యం కొట్టులో ఫోను ఉందని చెంచురామయ్యకు గుర్తొచ్చి, చిన్నాయనను పిలిపించమని అక్కణ్ణుంచే మద్రాసుకు ట్రంకు కాలు బుక్ చేశారు. రెండు గంటలు బల్ల మీద కూర్చున్నారు. గంట మోగింది. వెంకటశేషమ్మ రిసీవరు తలకిందులుగా పట్టుకుంటే మాలకొండమ్మ సరిచేసి చెవికి ఆనించింది.

ముందు గరగర. ఆ తర్వాత పక్కవాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా ఒక ముసలి గొంతు, ఏడుస్తూ:

"వదినా! ఎవురు పోయినారొదినా? ట్రంకు కాలంటే నా పై ప్రాణాలు పైనే పోయినాయి! చెప్పు, ఎవురు పోయినారు?"

వెంకటశేషమ్మ కన్నీళ్ళు కారుతుండగానే తిట్టింది. "నీ నోట్లో దుమ్ముబడ! ఎవురూ పోలేదురా! మన కొండమ్మకు ఉద్యోగమొచ్చింది. ఇదో, ఇట్టా నిన్నూ నన్నూ మాట్లాడిచ్చే ఉద్యోగమేరా! మన కొండమ్మకు!"

అవతలి మనిషి నమ్మినట్టు లేదు. "ఎవురు పోయినారో దాచి పెట్టొద్దు వదినా" అని బతిమాలుతూనే ఉన్నాడు.

"వీడు నా మాట వినడు. నువ్వు చెప్పమ్మే," అని రిసీవరు మనవరాలి చేతికిచ్చింది.

మాలకొండమ్మ అందుకుని చెవికి పెట్టుకుంది. చెప్పాలని నోరు తెరిచింది. పరీక్షలో అందరికన్నా స్పష్టంగా ఉందని మార్కులు వేసిన ఆ గొంతు, ఆ పూట ఎంత ప్రయత్నించినా పలకలేదు.