స్కాన్ చేయకూడని డ్రైవ్

నేపర్‌విల్ స్టేషన్‌లో రైలు దిగుతున్న ఏజెంట్ నీల్‌ని రెండు తూటాలు పడగొట్టాయి. చావలేదు కానీ ఐసీయూలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. విదేశీ ముఠా 'గ్రహణం' నాయకుణ్ణి కళ్లారా చూసింది అతనొక్కడే.

"తుపాకీతో కానిది మందుతో కానిస్తారు," అంది ఫోన్‌లో చీఫ్ పద్మజ. "ఐసీయూలో మందు ఎక్కించే పంపులకి డోస్ పంపే సర్వర్‌లో మాల్వేర్ పెట్టారు. మధ్యాహ్నం నీల్‌కి పదింతలు మందు ఎక్కుతుంది."

"సర్వర్ ఆఫ్ చేసేస్తే మేడమ్?"

"ఐసీయూలో అందరి పంపులూ ఆగిపోతాయి. ఆ మాల్వేర్‌నే పట్టుకో, దేదీప్యా."

నీల్‌తో ఏళ్ల తరబడి ఒకే కారులో తిరిగిన దేదీప్య, యాంటీవైరస్ ఇంజనీర్ వేషంలో ఆస్పత్రి సర్వర్ రూమ్‌కి పరుగున చేరింది. అక్కడ ఎర్ర కోటు, ఖరీదైన పెర్ఫ్యూమ్‌తో చంద్రిక ఎదురైంది. సర్వర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రతినిధిగా ముఠాకి పనిచేస్తూనే, వాళ్ల రహస్యాలు పద్మజకి చేరవేస్తుందని పేరు.

"చికాగోలో మంచు పడుతోందా?" అడిగింది దేదీప్య.

"జెర్సీ సిటీలో ఎండ."

కోడ్ సరిపోయింది. దేదీప్య ఫుల్ స్కాన్ నొక్కింది. కాఫీ కలుపుకునేలోపే అయిపోయింది. థ్రెట్స్ లేవు.

"క్లీన్! మాల్వేర్ ఉంటే మా కంపెనీ ట్రాయ్ ఆఫీస్‌లో ఉంటుంది, అక్కడికి ఫోన్ చెయ్," అంది చంద్రిక.

అంత పెద్ద సర్వర్‌కి అంత చిన్న స్కానా? దేదీప్యకి అనుమానం వచ్చింది. మూలన కూర్చున్న, సర్వర్ చూసుకునే కాంట్రాక్టర్ రాకేష్ వైపు తిరిగింది. "రాకేష్ గారూ, యాంటీవైరస్ చూడని ప్లేస్ ఏమైనా ఉందా?"

రాకేష్ తల దించుకున్నాడు. "డి డ్రైవ్ మొత్తం స్కాన్‌ల రాకుండ ఎక్స్‌క్లూడ్ చేసిన మేడమ్. స్కాన్ నడిస్తే అప్లికేషన్ స్లో అయితుంది, డాక్టర్లు మా మేనేజర్ మీద అరుస్తరు. నా కాంట్రాక్ట్ రెన్యూవల్ టైమ్..."

"అప్లికేషన్ ఉండేదే ఆ డ్రైవ్‌లో కదా!"

"ఒక్క లాగ్ ఫోల్డర్ ఎక్స్‌క్లూడ్ చేస్తే చాలని డాక్యుమెంట్‌ల ఉంది. డ్రైవ్ మొత్తం ఎక్స్‌క్లూడ్ చెయ్ అన్నది చంద్రిక మేడమే."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడైతే పట్టుకోవద్దని ఈశ్వరుడికే సెట్టింగ్ పెట్టారు.

చంద్రిక చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్ మెరిసింది. దేదీప్య మెడలోని బ్యాడ్జ్ నొక్కింది. కళ్లు చెదిరే వెలుగు. గుండు గోడకి తగిలింది, చంద్రిక నేలకి తగిలింది. దేదీప్య ఆమె చేతులు విరిచిపట్టి అరిచింది. "ఎక్స్‌క్లూజన్ తీసెయ్యండి! స్కాన్ రన్ చెయ్యండి!"

"పనివేళల్ల చేంజ్ అప్రూవల్ లేకుండా చేస్తే జాబ్ పోతది మేడమ్. హెచ్‌వన్ వీసా కూడా."

"ప్లీజ్. లోపల నా ఫ్రెండ్ ఉన్నాడు. చచ్చిపోతాడు." అంది దేదీప్య. ట్రైనింగ్‌లో బతిమాలడం ఎవరూ నేర్పలేదు.

రాకేష్ దేవుణ్ణి తలుచుకుని పాస్‌వర్డ్ కొట్టాడు. తొందరలో తప్పు పడింది. మళ్లీ కొట్టాడు. స్కాన్ కదిలింది, అప్లికేషన్ నత్తనడక పట్టింది. ఫోన్లు మోగసాగాయి, డాక్టర్లే. ఎవరూ ఎత్తలేదు. తెరమీద నీల్ పేరు పక్కన పదింతల డోస్, 'సెండింగ్' అని వెలిగింది. స్లో అయిన సర్వర్ ఆ ఆర్డర్‌ని కూడా ఈడ్చుకుంటూనే పోతోంది.

ఎర్ర గీత. క్వారంటైన్డ్. మాల్వేర్ దొరికిపోయింది. 'సెండింగ్' మాయమైంది.

"పంపు పాత డోస్ మీదే ఉంది," అంది ఫోన్‌లో పద్మజ. "బతికాడు." చంద్రికకి బేడీలు వేసి, దేదీప్య అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఇంతలో రాకేష్‌కి మేనేజర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పనివేళల్లో సర్వర్ ఎందుకు స్లో అయిందో వెంటనే కారణం రాయాలట.

"ఏం రాయాలి మేడమ్?" అన్నాడు బిక్కమొహంతో.

దేదీప్య కళ్లు తుడుచుకుంది. "యాంటీవైరస్ ఫస్ట్ టైమ్ పని చేసింది అని రాయండి."