పక్కింటి కత్తెర

"మా పూలు కోసింది మీరేనా?"

టుడుర్ తలుపు తీయగానే ఎదురైన ప్రశ్న అది. పక్కింటి నెరిస్ తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి, అతని కోటుకి గుచ్చుకున్న పసుపుపచ్చ డాఫడిల్ పువ్వు వంక గుర్రుగా చూస్తోంది.

ఆ రోజు మార్చి ఒకటి, సెయింట్ డేవిడ్ పండుగ. వేల్స్ మొత్తం మీద ఆ పువ్వు లేని కోటు కనిపించదు.

"ఇది కొన్నదండీ. మీ కుండీల్లో ఈ ఏడు మొగ్గే రాలేదు. రోజూ చూస్తున్నాగా."

"రోజూ ఎందుకు చూస్తున్నారు?"

టుడుర్ చెవులు ఎర్రబడ్డాయి.

రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. దానిమీద నెరిస్ కుండీలు రెండు. ఆమె ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. చలికాలమంతా చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తుంది కాబట్టి కుండీల సంగతి పట్టించుకోలేదు. టుడుర్‌కి రేవు పక్కన సెలూన్ ఉంది. పక్కపక్కనే ఉంటున్నా ఇద్దరూ వానల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకున్నది లేదు.

"మధ్యాహ్నం మా అమ్మమ్మ వస్తోంది. ఆ కుండీల్లోవి పొలం అమ్మేసిన రోజు ఆవిడ గట్టుమీంచి తవ్వి తెచ్చిచ్చిన డాఫడిల్ దుంపలు. ఆ పొలంలోది ఇంకేమీ మిగల్లేదు మాకు. ఏం చూపించను ఆవిడకి?" అంది నెరిస్.

అమ్మమ్మ ఒల్వెన్ రానే వచ్చింది. కోటైనా విప్పకుండా తిన్నగా గోడ దగ్గరికి నడిచింది. కుండీలో ఆకులు పచ్చగానే ఉన్నాయి, పువ్వు లేదు. ఒక కుండీని వంచి మట్టిని చేతిలోకి దులిపింది. వెల్లుల్లి రెబ్బల్లా సన్నటి దుంపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడ్డాయి.

"పోయినేడు పూలు వాడగానే ఆకులు ఎవరు కత్తిరించారే?"

"నేనైతే ముట్టుకోలేదు అమ్మమ్మా. వాటంతటవే పోయాయనుకున్నాను."

"వాటంతటవి పోతే ఎండి వాలిపోతాయి. అవి పచ్చగా ఉండగానే తెగాయి. లేకపోతే దుంపలు ఇలా చిక్కిపోవు. ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్ళూ దుంప కడుపు నింపుకుంటుంది. ఆ తిండి ఉంటేనే మళ్ళీ ఏటికి పువ్వు."

గోడకి అవతల టుడుర్ చెత్తడబ్బా పట్టుకుని నిలబడిపోయాడు. పారిపోవచ్చు. ఎవరూ చూడలేదు కూడా.

"నేనేనండీ," అన్నాడు.

ఇద్దరూ తిరిగి చూశారు.

"పూలు వాడిపోయాక ఆకులు చిందరవందరగా పడి ఉంటే బాగోలేదనిపించింది. రెండేళ్ళుగా నేనే శుభ్రంగా కత్తిరిస్తున్నాను. మీకు తీరిక ఉండదు కదా అని."

"మా కుండీలు! నన్ను అడక్కుండా!" నెరిస్ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "తలలు చాలలేదా మీకు?"

విసురుగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. టుడుర్ చెత్తడబ్బాతో అలాగే ఉండిపోయాడు.

భోజనాల దగ్గర అమ్మమ్మ మాంసం పులుసులో రొట్టె ముంచుకుంటూ అడిగింది.

"పూలైపోయాక నీళ్ళు పోశావా?"

"పూలే లేనప్పుడు నీళ్ళెందుకని..."

"ఎరువు?"

నెరిస్ రొట్టెని ముక్కలు చేస్తూ కూర్చుంది.

"కుండీ ఇరుకైతే మార్చాలని తెలుసా? తెలీదు. అతను ఆకులు కోశాడు, నువ్వు ఎండబెట్టావు. ఇద్దరూ కలిసే చేశారు ఈ పని. అరుపులు మాత్రం అతనొక్కడికే."

"మరి నీకు బాధగా లేదా?"

"ఉంది. అయినా దుంపలు చావలేదు కదే. కాస్త తిండి పెడితే ఒకటి రెండేళ్ళలో కోలుకుంటాయి. ఆ అబ్బాయి ఒప్పుకోకపోయినా మనకి తెలిసేది కాదు. అది చూశావా?"

వారం రోజులు నెరిస్ అటు చూడలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం జోరున వాన కురుస్తుంటే సెలూన్ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. లోపల ఎవరూ లేరు.

"జుట్టు కత్తిరించాలా?" అన్నాడు టుడుర్, భయంభయంగా.

"మీ చేతికి కత్తెర ఇవ్వను. ఒకటి అడగాలి. అసలెందుకు చేశారు?"

"చెప్పానుగా, చిందరవందరగా..."

"అబద్ధం. మీ ఇంటి ముందు గడ్డి మోకాలెత్తు పెరిగింది. దాన్నెందుకు కత్తిరించలేదు?"

టుడుర్ కుర్చీ మీది తువ్వాలు మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"మీతో మాట్లాడాలనుకుంటా. మీరు ఎదురుపడగానే వాన గురించి తప్ప మాటే రాదు. మాట రాకపోతే పోనీ, మీకు ఏదో ఒక పని చేసిపెడదామని..."

"రెండేళ్ళు!"

"రెండేళ్ళు."

నెరిస్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది కానీ కుదరలేదు.

"ఆదివారం ఖాళీయేనా? లోతైన తొట్టె ఒకటి కొన్నాను. దుంపలు విడదీసి నాటాలి. ఒక్కదాన్నే చేయలేను." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఇంకా ‘మీరు’ అంటావేంటి నన్ను?"

ఆదివారం నాటారు. ఆ తర్వాతి ఆదివారం నీళ్ళు పోయడానికని అతను గోడ దాటాడు. నీళ్ళు పోయడం అయిదు నిమిషాల్లో అయిపోయింది, అతను వెళ్ళేసరికి మాత్రం చీకటి పడింది. జూన్‌కల్లా ఆకులు పసుపు తిరిగి తొట్టె అంచుల మీద వేలాడాయి. చూడ్డానికి ఏమీ బాగోలేవు. టుడుర్ వాటివంక చూసి చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు.

"చేతులు దురదగా ఉన్నాయా?" అనేది నెరిస్.

"చాలా."

మరుసటి మార్చిలో అమ్మమ్మ మళ్ళీ వచ్చింది. అప్పటికీ పువ్వు రాలేదు. ఆకులు మాత్రం బొటనవేలంత వెడల్పుగా, బలంగా నిలబడ్డాయి. ఆవిడ వేళ్ళతో వాటిని నిమిరి తృప్తిగా తల ఊపి, గోడకి అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరినీ చూసింది.

"పువ్వు కోసం తొందరపడకూడదు. మీరిద్దరూ మాత్రం తొందరపడొచ్చు," అనేసి టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.



"వచ్చే ఏడైనా పూస్తాయంటావా?" అన్నాడు టుడుర్.

"ఏమో. పూయకపోయినా సరే, ఇంక నువ్వు పక్కింట్లో ఎందుకు?"

టుడుర్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, నాలుగడుగుల దూరంలో గేటు తెరిచే ఉన్నా, గోడెక్కి ఆమె వైపు దూకాడు.