ఎర్రగెడ్డలో రాళ్ళు కొట్టేది

పొద్దు వాలాక ఎర్రగెడ్డ వాగు పక్కనుంచి ఒంటరిగా ఎవరూ నడవరు. పగలైతే భయమేమీ లేదు. ఎర్రమట్టి గట్లు, గట్టు కింద ఊట, ఊట చుట్టూ బిందెలు, ఆడవాళ్ళ తగువులు. కళింగపట్నం దాపున ఉన్న ఆ జాలరిపేట మొత్తానికి తాగే నీళ్ళు అవే.

చీకటి పడితే మాత్రం... టక్... టక్... రాయి మీద రాయి పడిన చప్పుడు. ఎవరో ముసలమ్మ గొంతుక్కూర్చుని కొడుతుందట. ఎందుకు కొడుతుందో అడిగొచ్చిన మనిషి లేడు.

కూర్మమ్మ ఎండుచేపలు అమ్ముకుని బతికే మనిషి. చేపల మీద కప్పిన టార్పాలిన్ గాలికి ఎగిరిపోతుంటే, బరువు పెడదామని ఒక పగటిపూట ఆ గట్టులోంచి రాయి పీకింది. పీకి... అలాగే నిలబడిపోయింది. తన చెయ్యి కొలత తీసుకుని ఎవరో చేసినట్టు అరచేతిలో ఇమిడిపోయిందమ్మా ఆ రాయి!

పిడుగురాయి అనుకుంది. అలాంటివి పిడుగుతో పాటు ఆకాశంలోంచి పడతాయని ఆ పేటలో నమ్మకం. ఒకటి దొరికితే ఆముదం రాసి, దీపం మసి పట్టించి, ఇంటి చూరులో దోపుతారు. ఇక ఆ ఇంటి మీద పిడుగు పడదట.

ఆముదం రాసేలోపే దీపిక కంట పడింది అది. దీపిక ఎచ్చెర్లలో చదువుకుంటున్న పిల్ల. పాతకాలం మనుషులు ఎలా బతికారన్నది ఆమె చదువు. గెడ్డలూ గట్లూ చూసుకుంటూ తిరుగుతోంది.

"చూడమ్మా, నీళ్ళలో దొర్లినా రాయికి పెచ్చులు లేస్తాయి. కానీ ఒక పద్ధతిలో లేవవు. ఇదిగో, ఈ అంచు వెంట చూడు... అటొకటి, ఇటొకటి, వరసగా. దెబ్బ తగిలిన చోట గుంట, అందులో నీటి అలల్లాంటి గీతలు. మనిషి చేతి పనిలాగే ఉంది. వేల ఏళ్ళ నాటిది కావచ్చు. ఒక్క రాయిని చూసి గట్టిగా చెప్పలేను. గట్టులో ఇంకా ఉన్నాయేమో చూడాలి. అప్పటిదాకా ఎవరూ ఏదీ కదపకూడదు."

ఆ మాటకి కూర్మమ్మ గుండెల్లో దీపం వెలిగినట్టయింది. ఎందుకంటే గెడ్డ తవ్వి మట్టి తోలుకుపోవడానికి పొక్లెయిన్ అప్పటికే వచ్చి నిలబడింది. తవ్వితే ఊట పోతుంది. పాతకాలం వాళ్ళ పనిచోటు అని తేలితే తవ్వకం ఆగుతుంది. పురావస్తు శాఖ ఆఫీసరుని వెంటబెట్టుకుని వస్తానని మాటిచ్చి వెళ్ళింది దీపిక.

ఈ సంగతి కూర్మమ్మ మొట్టమొదట చెప్పింది తమ్ముడు గంగరాజుకే. తల్లి పోయాక తన చేత్తో ముద్దలు పెట్టి పెంచిన తమ్ముడు.

"నువ్వేటీ బెంగెట్టుకోకప్పా. రేత్రుళ్ళు కాపలా నానుంటాను," అన్నాడు.

"మరి ఆ ముసల్దిరా?"

"అది నన్ను సూసి జడుసుకుంటాది!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

దీపిక వస్తానన్న రోజుకి ముందు సాయంత్రం. కూర్మమ్మ సంత చేసుకుని వస్తుంటే బస్సు ఆలస్యమైంది. దిగేసరికి చీకటి. ఇంటికి దారి... గెడ్డ పక్కనుంచే.

తట్ట నెత్తిన గట్టిగా పట్టుకుని నడిచింది. సముద్రం హోరు దూరమైంది. తాటాకులు కూడా కదలడం లేదు.

టక్.

ఆగింది.

టక్... టక్...

ఊట దగ్గర... ముసుగు కప్పుకుని... గొంతుక్కూర్చున్న మనిషి ఆకారం! చెయ్యి లేస్తోంది. పడుతోంది. లేస్తోంది. పడుతోంది. కూర్మమ్మ నెత్తిన తట్ట జారి దబ్బున కింద పడింది.

చప్పుడు ఆగిపోయింది.

ఆకారం లేచింది... చీకట్లో కలిసిపోయింది. గట్టు పక్కన ఎండాకుల అలికిడి. దగ్గరకి... ఇంకా దగ్గరకి...

చటుక్కున ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"అప్పా! నానే. గంగరాజుని."

"ఒరే తమ్ముడా... అదిరా... అది..."

"నానూ ఇన్నాను. ఎనక్కి సూడకు. నడు."

చెయ్యి వదలకుండా ఇంటిదాకా దిగబెట్టాడు. ఎంత ధైర్యం వచ్చిందో ఆమెకి! తోడబుట్టినవాడు ఉంటే ఇలా ఉండాలి అనుకుంది. అతను గుమ్మం ఎక్కకుండానే వెనుదిరిగాడు.

కూతురు సింధూరి లైటు వేసింది. "అమ్మా, ఆ సెయ్యేటి అలగుంది?"

మణికట్టు చుట్టూ నల్లగా మసి. జిడ్డు. ఆముదం వాసన. ఆ మసిలో కలిసి ఎర్రగా... నెత్తురు. గీత కూడా లేదు కూర్మమ్మ చేతికి. ఆ నెత్తురు ఆమెది కాదు.

చాలాసేపు చూసుకుంది. తమ్ముడు గట్టులోని రాళ్ళకి ఆముదం రాసి మొక్కుకున్నాడేమో. మంచి జరగాలని. చీకట్లో ఏ రాయో గీసుకుని ఉంటుంది. అలా అనుకుంది. అనుకోకపోతే ఎలాగమ్మా?

తెల్లారింది. ఆఫీసరు వచ్చాడు, దీపిక వచ్చింది, మట్టి తోలే కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. పేటంతా మూగింది. ఊట చుట్టూ రాళ్ళే రాళ్ళు. నల్లగా, అంచులు చెక్కి ఉన్నాయి. రెండు రోజుల కిందట అవి లేవు.

దీపిక ఒకటి తీసి చున్నీతో తుడిచింది. నలుపంతా చున్నీకి అంటుకుంది. కింద తెల్లగా, గాజుపెంకులా మెరిసింది రాయి. ఆ పిల్ల ముఖం వాడిపోయింది.

"ఇవి నిన్నో మొన్నో కొట్టినవి. ఎర్రమట్టిలో పడున్న రాయికి ఆముదం, దీపం మసి ఎక్కడివి?"

చూరులో పిడుగురాళ్ళు చూసి పెరిగినవాళ్ళకి పాతరాయంటే అదే మరి. మసి, జిడ్డు.

కాంట్రాక్టరు మనిషి పగలబడి నవ్వాడు. "ఇదండీ వీళ్ళ నాటకం! మొదటి రాయీ ఇలాంటిదే అయ్యుంటుంది."

"ఎవరు చేశారిది?" ఆఫీసరు గద్దించాడు.

"ముసల్ది కొట్టుంటాది బాబూ," అన్నారు ఆడవాళ్ళు, లోగొంతుకలతో.

కూర్మమ్మ తమ్ముడి వైపు చూసింది. చెప్పరా... నీ నోటితో నువ్వే చెప్పు... నా కోసమే చేశానని చెప్పినా చాలు.

గంగరాజు తల వంచుకున్నాడు. "ముసల్దేటండి... మా అప్పే. ఆ ఊటంటే ఆవిడికి పిచ్చి. ఆవిడే కొట్టి పడీసుంటాది."

కూర్మమ్మ మెల్లగా నడిచి వెళ్ళి అతని పిడికిలి విప్పింది, చిన్నప్పుడు దాచుకున్న బెల్లంముక్క కోసం విప్పినట్టు. అరచెయ్యంతా సన్నసన్నని కోతలు. గోళ్ళ సందుల్లో మసి. తన చెయ్యి పక్కన చాపింది. ఒక్క గీత లేదు.

"సూడండి బాబూ. రెండు సేతులూ సూడండి."

గంగరాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మట్టి తోలే ట్రాక్టరు నాకే ఇత్తామన్నారప్పా... రాళ్ళు దొంగవని తేలిపోతే సాలన్నారు... నీకేటీ అవదన్నారు..."

కాంట్రాక్టరు మనిషి అప్పటికే జనంలోంచి జారుకున్నాడు.

దీపిక ఎవరూ ముట్టని గట్టు దగ్గరకి వెళ్ళి, కుంచెతో మట్టి రాల్చింది. సగం లోపల, సగం బయట... ఒక రాయి. అంచు వెంట వరసగా పెచ్చులు. పెచ్చు లేచిన గుంటల్లో కూడా పాతబడిన మట్టి ఎరుపే. నీళ్ళు పోసింది. తుడిచింది. ఆ రంగు పోలేదు. దాని పక్కన ఇంకొకటి.

"ఇవి అసలైనవి," అంది.

తవ్వకం ఆపించాడు ఆఫీసరు. పొక్లెయిన్ వెనక్కి వెళ్ళింది. పేట ఆడవాళ్ళు కూర్మమ్మని కావిలించుకున్నారు. ఆమె మాత్రం బిందె నింపుకోవడం కూడా మరిచిపోయి ఇంటికి వచ్చేసింది.

ఆ రాత్రి పేటలో కరెంటు పోయింది. చీకట్లో గుమ్మం దిగబోతుంటే ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు. కూర్మమ్మ కెవ్వుమని విదిలించుకుంది.

"ఏటమ్మా! దెయ్యమనుకున్నావా? నానే, సింధూరిని. నీ కూతుర్నే!"

కూర్మమ్మ తన మణికట్టు తడుముకుంది.

"నా మనిషేనని... తెలిసే జడుసుకున్నానే..."