తోడికోడలి ప్రయోగం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

నడినెత్తిన నిలవవలసిన సూర్యుడు లేడు. కాటుక కొండల వంటి మేఘాలు దిక్కులను మింగి, ఇంటికప్పు మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాయి. ఎక్కడో పట్టపగలు గుడ్లగూబ కూసింది... ఒకసారి... రెండుసార్లు... మూడోసారి కూయబోయి, ఏదో చూసి జడిసినట్టు ఆగిపోయింది!

ఆ ఇంటి పై అంతస్తులో, కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో, పెద్దకోడలు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె ఎదుట కపాలం. కపాలం ఎదుట దీపం. దీపం ఎదుట రాశిగా పోసిన నల్లని గింజలు. మంత్రానికొక గింజ చొప్పున కపాలం నోట వేస్తోంది. వెయ్యిన్ని ఎనిమిది పడాలి. ఒకటి తగ్గరాదు. ఒకటి పెరగరాదు.

ఆమె మాంత్రికుల ఇంట పుట్టలేదు. ఇరవై ఏళ్లుగా పెద్ద ఆసుపత్రిలో సైకాలజిస్టు. ఊరి మనసులన్నీ విప్పి చూసే వృత్తి... తన మనసులో మాత్రం ఒక విషసర్పం చుట్టలు చుట్టుకుని పడుకుంది. దాని పేరు అసూయ!

మరిది భార్య అదే చదువు చదివి కాపురానికి వచ్చినప్పుడు, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లింది ఆమే. "మా చెల్లెలు లాంటిదండీ, నా ఎదురుగది ఇప్పించండి" అని అడిగిందీ ఆమే. చిన్నకోడలు ఒక్క జబ్బు వైద్యాన్నే పట్టుకుంది. ఓసీడీ... కడిగిన చేతినే కడిగించే జబ్బు, వేసిన తాళాన్నే లాగించే జబ్బు, లెక్కపెట్టినదాన్నే మళ్లీ లెక్కపెట్టించే జబ్బు. ఏడేళ్లు తిరిగేసరికి ఆ జబ్బంటే ఆమె, ఆమె అంటే ఆ జబ్బు అన్నంత పేరు వచ్చింది.

ఒకనాడు అటెండరు పెద్దకోడలి గది ముందున్న రెండు కుర్చీలు ఎత్తుకుని ఎదురుగది వైపు నడిచాడు.

"ఏమయ్యా, ఎక్కడికవి?"

"చిన్నమేడమ్ దగ్గర జనం నిలబడున్నారు మేడమ్. ఇక్కడ ఎలాగూ ఖాళీయే కదా!"

ఆ మాట ముల్లై దిగింది. ముల్లు పుండైంది. పుండు పురుగు పట్టింది. ఆమె పాత గ్రంథాలు తవ్వింది, శ్మశానాలు తొక్కింది, చెప్పడానికి గురువులే వణికిన ప్రయోగాన్ని నేర్చింది...

వెయ్యిన్ని ఎనిమిదో గింజ పడింది. ఫెళఫెళమని ఉరిమింది! కపాలపు కనుగుంటల్లో చీకటి కదిలింది.

"ఆకలి..." అంది అది.

"నా తోడికోడల్ని పట్టుకో! భయపెట్టు. భయం పోవాలంటే ఫలానా పని చెయ్యమను. చేసిందా, అదే నీకు ముద్ద! ఏ జబ్బు కుదిర్చి పేరు తెచ్చుకుందో ఆ జబ్బుతోనే అది కుళ్లిపోవాలి!"

దీపం ఆరిపోయింది. గదిలో ఉన్నది గదిలో లేదు.

అదే క్షణాన, ఆసుపత్రిలో వాష్‌బేసిన్ ముందు నిలబడిన చిన్నకోడలి చెవిలో చల్లని ఊపిరి తగిలింది.

"మూడుసార్లు కడుగు. లేకపోతే నీ కూతురి ఊపిరి ఆగుతుంది!"

ఆమె నవ్వుకుంది. ఇటువంటి ఆలోచనలు రోజుకు పదిమంది నోట వినే మనిషి. చెయ్యి తుడుచుకుని వెనుదిరిగింది... ఫోన్ మోగింది. బడి నుంచి.

"మేడమ్, పాప! ఊపిరి తీసుకోలేకపోతోంది, త్వరగా..."

ఏం చేస్తున్నదో తెలియకుండానే ఆమె చేతులు కుళాయి కిందికి వెళ్లాయి. ఒకటి. రెండు. మూడు.

"హమ్మయ్య... సర్దుకుంది మేడమ్. నవ్వుతోంది కూడా."

ఆనాటితో మొదలు! మూడు తొమ్మిదయింది, తొమ్మిది ఇరవై ఏడయింది. కుడికాలు ముందు పెట్టాలన్నది, గడప రెండుసార్లు దాటాలన్నది. ఆరేళ్ల పాపను ఏ పరీక్షకు పంపినా ఏ లోపమూ కనబడలేదు. తల్లి చేతులు మాత్రం బీటలు వారాయి. భయపడితే పడండి, కడుక్కోకండి అని రోగులకు బోధించే గొంతు, బోధిస్తూనే కుళాయి వైపు చూసేది. వైద్యం తడబడింది. రోగులు తగ్గారు. ఎదురుగది తలుపు సందులో నుంచి రెండు కళ్లు ఆ తరుగుదలను తేనెలా జుర్రుకున్నాయి!

"ఏంటి చెల్లీ, చేతులలా అయ్యాయి?" మేడమెట్ల దగ్గర ఆగి పెద్దకోడలు అడిగేది. "అంట్లన్నీ నీ చేతే తోమిస్తున్నాడా మా మరిది? కాస్త ఏదైనా రాసుకోవే, పిచ్చిదానా!"

ఇరవయ్యో రోజున గడియారాలు బాగుచేసే ముసలాయన వచ్చాడు. దుకాణం తాళం నలభైసార్లు లాగి చూసుకునే మనిషి... ఆమె చికిత్సతో నాలుగుకు దిగినవాడు. కుర్చీ అంచున కూర్చుని, ఇటూ అటూ కదిలాడు.

"ఓ మాటంటాను, కోప్పడరుగా?"

"చెప్పండి బాబాయిగారూ."

"నేనొచ్చాక మూడుసార్లు లేచి కడుక్కున్నారు. లేచినప్పుడల్లా కుడికాలే ముందు! నా దగ్గరా దాస్తారా మేడమ్? మనవాళ్లని మనం గుర్తుపట్టమా!"

ఆమె ముఖం పాలిపోయింది. "నాది అది కాదండీ. నాకు... నిజంగానే జరుగుతోంది."

"మొదటిరోజు నేనూ అదే అన్నాను. నిజంగానే తాళం పడట్లేదన్నాను. అప్పుడు మీరేమన్నారు? 'నిజమో అబద్ధమో మనకొద్దు బాబాయిగారూ, అది అడిగింది మాత్రం ఇవ్వకండి' అన్నారు. నాకో వైద్యం, మీకో వైద్యమా?"

కిటికీ అవతల మెరుపు ఆకాశాన్ని నిలువునా చీల్చింది!

ఆయన వెళ్లాక ఆమె రోగులతో రాయించే పట్టికను తన కోసం రాసుకుంది. ఒక వరుసలో ఎన్నిసార్లు కడిగిందో, పక్క వరుసలో పాప ఊపిరి ఎంతసేపు ఆగిందో. మొదటిరోజు మూడు... రెప్పపాటు. పదోరోజు ఇరవై ఏడు... పది అంకెలు లెక్కపెట్టేంత. నిన్న ఎనభై ఒకటి... ఒక నిమిషం! కడిగినకొద్దీ పెరిగింది. తాను బిడ్డను కాపాడడం లేదు. బిడ్డ గొంతు మీద కూర్చున్నదానికి తన చేత్తో తానే బలం పోస్తోంది!

సాయంత్రం నాలుగు గంటలు. ఇంటి కింది గదిలో పాపను ఒడిలోకి తీసుకుని నేల మీద కూర్చుంది. ఆకాశం విరిగి పడుతున్నట్టు వాన.

"కడుగు!"

ఆమె కదలలేదు. భయం... నూటికి వంద.

"కడుగు! రెండువందల నలభై మూడుసార్లు కడుగు! లేకపోతే చూడు!"

పాప గొంతులో ఊపిరి తట్టుకుంది. పెదవులు నీలమయ్యాయి. తల్లి వెన్ను విల్లులా వంగింది, జుట్టు ముడి ఊడి ముఖాన పడింది, చేతులు వాటంతటవే లేచి కుళాయి ఉన్న దిక్కుకు చాచుకున్నాయి, ఆమెది కాని కేక ఆమె నోట వెలువడింది! ఆ చేతులను పాప వీపు మీదికి తెచ్చుకుని, వేళ్లు ముడివేసింది. వంద. ఇంకా వంద...

"ఇవ్వను," అన్నది పళ్ల నడుమ. "ఉంటే ఉండు. అరిస్తే అరుచుకో. ఇవ్వను!"

పాప ఒక్కసారి గట్టిగా ఊపిరి లాగింది. మరొకటి. మరొకటి...

"అమ్మా... నీ గుండేంటి, అంత గట్టిగా కొట్టుకుంటోంది?"

"పరిగెత్తి వచ్చింది తల్లీ."

"నువ్వు కూర్చునేగా ఉన్నావు!"

భయం ఎనభైకి దిగింది. అరవై. గోడల మీద గోళ్లు గీరిన చప్పుడు. నలభై. ఆరు గంటలకు ఇరవై. ఆకలి తీరనిది, అవమానపడినది, ఎండిన రొమ్మును వదిలిన జలగలా ఆ తల్లిని వదిలి, మేడమెట్ల మీదుగా పైకి పాకింది!

మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు రోజూ వేసే గింజలు ముగించి కళ్లు తెరిచేసరికి, కపాలం ఆమెనే చూస్తోంది.

"వెయ్యిన్ని ఎనిమిదేనా?" అంది మెల్లగా. "నువ్వు... సరిగ్గానే లెక్కపెట్టావా?"

అంతే! ఆమె కపాలాన్ని బోర్లించింది. గింజలు కుమ్మరించి మళ్లీ లెక్కపెట్టింది. సరిపోయింది. సరిపోయిందా? మధ్యలో రెప్ప వాలిందే, అప్పుడు జారిందేమో! మళ్లీ కుమ్మరించింది. మళ్లీ... అన్నం లేదు, నీరు లేదు, గోళ్లు అరిగి వేళ్ల నుంచి నెత్తురు గింజలకు అంటింది. ఒక్కొక్క గింజకూ కపాలం దవడలు ఒక్కొక్క నువ్వుగింజంత తెరుచుకున్నాయి!

మూడోరోజు పొద్దున చిన్నకోడలు మేడెక్కింది. మూసిన తలుపు వెనక అంకెల గొణుగుడు. ఆ గొణుగుడు ఆమెకు కొత్తది కాదు. తలుపు కింద నుంచి దొర్లి వచ్చిన నల్లగింజనూ, తలుపు సందులో కనబడిన కపాలాన్నీ చూసి అంతా అర్థమైంది. కన్నబిడ్డ నీలిపెదవులు కళ్లముందు కదిలాయి. ఒక్కక్షణం వెనక్కి తిరిగింది... మళ్లీ తలుపు వైపే తిరిగింది.

"అక్కా, నేను. లెక్క ఆపెయ్."

"ఆరువందల నాలుగు... పో ఇక్కణ్నించి!... ఆరువందల అయిదు..."

"తప్పితే తప్పనీ. చేతిలోది కింద పెట్టు. భయమేస్తుంది, ఉంటుంది, పోతుంది. నేనిక్కడే గుమ్మంలో కూర్చుంటాను."

లోపల గొణుగుడు ఆగింది. పసిపిల్లలా ఒక గొంతు వినబడింది.

"పోతుందా?"

"పోతుందక్కా. నేను చూశాను."

"నువ్వొద్దు! నీ చేతి వైద్యం నాకా? ఇంకెవరినైనా పిలు. నీకంటే బాగా చూసేవాళ్లను పిలు... ఉన్నారుగా?"

చిన్నకోడలు నోరు తెరిచింది. ఉన్నారనడానికి ఒక్క క్షణం చాలును. ఆ క్షణంలో ఆమె మనసు ఒక్కొక్క పేరునూ తడిమి, తనను మించినది దొరకక, నిజాయితీగా, ఆలస్యమైంది.

"...ఉన్నారక్కా."

"ఆలోచించి చెప్పావే," అంది లోపలి గొంతు, నవ్వుతూ. "ఆరువందల... ఆరు!"

ఇల్లు పునాదుల దాకా కంపించింది! కెవ్వుమన్న కేక సగంలో తెగింది. పటుక్కున, ఏవో రెండు దవడలు మూసుకున్నాయి...